అలకట్ట

సముద్రుఁ డెంత పొంగినను చెలియలికట్ట దాఁటఁడని మన పూర్వకవులు వేయి విధములఁ జెప్పిరి. ధీరునకును, ధర్మాత్ముఁడగు రాజునకును, మాట తప్పని మిత్రునకును ఇదియే యుపమానము. పద్యపాఠములలో నీ మాట వచ్చినపుడెల్ల నేనును బాలురకు మనసార వివరించుచునే యుందును. కాని తీరమున నాలుగేండ్లు కాపురమున్న వానికి, ఈ మాట యుపమానముగా నెంత యందమైనదో వార్తగా నంత నిజము గాదని తెలియక మానదు. సముద్రుఁడు కట్ట దాఁటును; ఇండ్లను, చెట్లను, బాటలను నోటఁ బెట్టుకొనును. అట్టివానిని ఒకచోట నిలువరించి ఓడలకు నిలువ నీడ కల్పింపవలెనని మనుష్యుఁడు చేసిన ప్రయత్నమే నేఁటి నా విషయము. ఇది యింజనీర్ల విషయము గదా, బడిపంతులున కేల యని యడుగువారు కొంచె మోపిక పట్టి చదివినచో, ఇందు శిల్ప మెంత యున్నదో లోకనీతియు నంత యున్నదని వారికే తోఁపఁగలదు.

ఓడరేవు ముందఱ సముద్రములోనికిఁ జాచి కట్టిన పొడవైన రాతిగట్టును ఇంగ్లీషున బ్రేక్‌వాటర్ అందురు. మన పత్రికలలోను ఆ మాటయే తెలుఁగు లిపిలో నడచుచున్నది. నీటికిఁ గట్టినది యానకట్ట యైనపుడు అలకుఁ గట్టినది యలకట్ట యేల కాఁగూడదు? ఈ వ్యాసమున నే నా పేరే వాడుదును. అయితే రెండు కట్టలకును భేదము గలదు. ఆనకట్ట నీటి నాఁపును. అలకట్ట నీటి నాఁపదు. పోటు వచ్చినపుడు కట్ట కీవలను ఆవలను నీరు సమముగానే లేచును. అది యాఁపవలసినది నీటిపై నెక్కి వచ్చు బలమును.

ఆ బల మెట్టిది? కెరటమును జూచినపుడు నీరే పరుగెత్తి వచ్చుచున్నట్లుండును. నడిసముద్రమునఁ దేలు కొబ్బరికాయను జూడుఁడు: అల వచ్చినపుడు లేచి కొంచెము ముందునకుఁ బోయి, దిగి కొంచెము వెనుకకు వచ్చి, యించుమించుగా నున్నచోటనే యుండును. పండిన వరిచేనిపై గాలి వీచినపుడు వెన్నులు మళ్లలోనే యుండి అల మాత్రము గట్టుదాఁకఁ బోవునట్లే యిదియును. ప్రయాణము చేయునది శక్తి. ఆ శక్తి యల యెత్తునకు వర్గముగాఁ బెరుఁగును. రెండింతల యెత్తుగల యల నాలుగింతల శక్తిని మోయును. ఒడ్డు సమీపించి లోఁతు తగ్గినపుడు అల యడుగు నేల నొరసి, వేగము తగ్గి, తల ముందునకు వ్రాలి విఱుగును. వందల మైళ్ల దూరమున గాలి దినములకొలఁదిఁ గూడఁబెట్టిన సొమ్మంతయు నా క్షణమున ఖర్చగును. ఆ ఖర్చు రేవులోని యోడలమీఁదఁ బడకుండ, ముందుగనే వేఱొకచోటఁ బడునట్లు చేయుటయే యలకట్ట పని.

దీనికి రెండు మార్గములు గలవు. ఒకటి నిలువుగోడ. నిలువుగోడకుఁ దగిలిన యల చావదు; వచ్చినది వచ్చినట్లే తిరిగిపోవును. వచ్చు నలయుఁ బోవు నలయుఁ గలిసి గోడ ముందఱ నీరు దాదాపు రెండింతల యెత్తున లేచి పడుచుండును. గోడ పాదమునందలి యిసుక యా త్రొక్కిడికిఁ దొలఁగిపోవును. రెండవది రాళ్లను వాలుగాఁ గుప్పించిన గట్టు. దీనిపైఁ బడిన యల వాలు వెంట నెగఁబ్రాకి, రాళ్ల సందులఁ జొచ్చి, వేయి పాయలుగాఁ జీలి, నురుగై యలసిపోవును. గోడ యలను ద్రిప్పి పంపును. గుట్ట యల నోపికతో లోనికి రానిచ్చి జీర్ణించుకొనును. ఈ రెండవ విద్య మనుష్యునకు సులభముగా రాలేదు.

ఫ్రాన్సు దేశమునందు షెర్బూర్ రేవునకు 1784వ సంవత్సరమున సెస్సార్ అను నింజనీరు పెద్ద పెద్ద కొయ్యగోపురములను గట్టించి, సముద్రములో దింపించి, రాళ్లతో నింపించెను. వానినిఁ జూచుటకు 1786లో పదునాఱవ లూయీ రాజే స్వయముగా వచ్చెను. రాజు వచ్చి చూచినందున సముద్రము మన్నించునా? గోపురములు తుపానులకు విఱిగిపోయెను. కొన్ని యేండ్లకే యా పద్ధతి విడిచి రాళ్లగుట్టకు దిగిరి. రాజు పోయెను, విప్లవము వచ్చెను, నెపోలియను వచ్చి పోయెను. ఆ కట్ట ముగిసినది 1853లో.

ఇంగ్లండులోని ప్లిమత్ రేవునకు 1812లో జాన్ రెన్నీ యలకట్ట నారంభించెను. సముద్రమువైపు వాలు మూఁటి కొకటిగా నుండవలెనని యతఁడు నిర్ణయించెను. అనఁగా మూఁడడుగులు పోయినచో నొక యడుగు లేచుట. 1817లోను 1824లోను వచ్చిన తుపానులు రాళ్లను దొర్లించి, వాలును అయిదింటి కొకటిగా సరిచేసినవి. కట్టువారు గొంతకాలము తమ లెక్కకే సముద్రమును దీసికొనిరావలెనని చూచి, తుద కా వాలునే యంగీకరించిరి. ఒక మైలు పొడవు గల యా కట్ట నేఁటికిని నిలిచియున్నది. ఆ వాలును గీచినది రెన్నీ కాదు, సముద్రమే. ప్రతివాది చెప్పిన మాట సమంజసమైనపుడు దానిని దన పత్రములో వ్రాసికొనువాఁడు వివేకి; ప్లిమత్ ఇంజనీర్లు చేసినపని యదియే.

అందఱకును అట్టి యదృష్టము పట్టలేదు. బాలురు మక్కువతోఁ జదువు ‘ట్రెజర్ ఐలండ్’ కథ వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తండ్రి థామస్ స్టీవెన్‌సన్ దీపస్తంభములు గట్టిన ప్రసిద్ధ శిల్పి. అల యెంత బలముతోఁ గొట్టునో కొలుచు యంత్రమును మొట్టమొదట నిర్మించినవాఁ డాయనయే. అట్టి యాయన స్కాట్లండు నుత్తరపుఁ గొననున్న విక్ రేవునఁ గట్టించిన యలకట్ట కొనను 1872 డిసెంబరులో తుపాను పెల్లగించెను. ఇనుపకడ్డీలతో నొకటిగా బంధించిన 1,350 టన్నుల ముద్ద మొత్తముగాఁ గదలి రేవులోనికిఁ బోయెను. దానికి బదులుగా సుమారు 2,600 టన్నుల ముద్ద నిలిపిరి. 1877లో నదియును బోయెను. బరువు రెండింత లైనను ఫలము మాఱలేదు. ఆ తండ్రి యోటమిని ఆ కుమారుఁడు తన వ్యాసమున దాఁచక వ్రాసెను. యౌవనమున నీ విద్యయే నేర్చుకొనుట కారేవునకుఁ బోయి, దానిని విడిచి కథకుఁ డైనవాఁ డతఁడు.

నేఁటి యలకట్ట కీ యనుభవములన్నియుఁ బునాది. అడుగున గనినుండి వచ్చిన చిన్న పెద్ద రాళ్ల గుండె. దానిపై మధ్యరకపు రాళ్ల పొర. అన్నిటికంటెఁ బైని అల నెదుర్కొను కవచపు రాళ్లు. పై రాయి బరువులో సుమారు పదియవ వంతు దాని క్రింది రాయి యుండవలెనని స్థూలనియమము. అంతకంటెఁ జిన్నదైనచోఁ బైరాళ్ల సందులగుండ నీ డ్చుకొనిపోవును. పాదమున మఱికొన్ని పెద్దరాళ్లు పేర్చక తప్పదు; పాదము జాఱినచోఁ బైనున్నదంతయు జాఱును. కవచపు రాయి యెంత బరువుండవలెనను ప్రశ్నకు 1938లో స్పెయిను దేశస్థుఁడగు ఇరిబారెన్, తరువాత అమెరికాలో హడ్సన్ సూత్రములు చెప్పిరి. వాని సారము బాలురకును బోధపడును. అల యెత్తు రెండింతలైనచో రాయి బరువు రెండింతలు గాదు, నాలుగింతలును గాదు, ఎనిమిదింతలు గావలెను. అయిదడుగుల యలకు లెక్క వేసిన గట్టుపైఁ బదియడుగుల యల వచ్చినచో, చూచువానికి రెండుపాళ్లే, రాతికి మాత్ర మెనిమిదిపాళ్లు.

అంత పెద్ద రాళ్లు ప్రతి గనిలోను దొరకవు. అందుచేత 1950లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరమున నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మను గనిపెట్టిరి. టెట్రాపాడ్ అని దాని పేరు. కాళ్లు కాళ్లు చిక్కుకొని నిలుచుటచేతను, సందు లెక్కువగుటచేతను, తక్కువ బరువుతోనే యది యలను సైఁచును. మన విశాఖపట్టణపు వెలిరేవు గట్టుపైనను, బొంబాయి సముద్రతీరపు బాట ప్రక్కను వీనిని జూడవచ్చును. 1963లో దక్షిణాఫ్రికాలో డోలోస్ అను నింకను సన్నని యాకారము పుట్టెను. పోర్చుగల్లులోని సీనిష్ రేవునకు 42 టన్నుల డోలోసులు వేసిరి. 1978 ఫిబ్రవరి తుపానులో నవి వేలకొలఁది విఱిగియు దొర్లియుఁ బోయెను. కారణములలో నొకటి యాలోచింపఁదగినది. ఆకారము మార్చక పరిమాణము మాత్రము పెంచినచో, బరువు ఘనముగాఁ బెరుఁగును, కాలి యడ్డుకోఁత వైశాల్యము వర్గముగానే పెరుఁగును. చీమ తన బరువునకు మించినది మోయఁగలదు. చీమను ఏనుఁగంత చేసినచోఁ దన కాళ్లపైఁ దానే నిలువలేదు.

ఇంకొక లెక్కను గూర్చి జను లెక్కువగా భ్రమపడుదురు. నూఱేండ్ల యల కని కట్టితిమని రేవువారు చెప్పినపుడు, అట్టి యల నూఱేండ్లదాఁక రాదని వినువా రనుకొందురు. దాని యర్థ మది గాదు. ఏ యేఁటనైనను అది వచ్చుటకు నూటి కొకపాలు సంభవము గలదని మాత్రమే. ఆ లెక్కను కట్ట యేఁబదియేండ్లు నిలిచినచో, ఆ కాలములో నొకసారియైన నట్టి యల వచ్చుటకు నూటికి సుమారు 40 పాళ్ల సంభవము గలదు. పైగా 1900 మొదలుగా లోకమునందలి సముద్రమట్టము సరాసరిని సుమారు 20 సెంటీమీటర్లు లేచినది. కట్ట పాదమున నీరు లోఁతైనకొలఁది మునుపు దూరముగనే విఱిగిన పెద్దయల యిపుడు కట్టదాఁక విఱగక వచ్చును. కావున నింజనీరు చేతినున్నది బ్రహ్మవ్రాఁత గాదు, పందెపు లెక్క. అది దాఁపక చెప్పుట వానికి గౌరవమే.

ఇఁక మన తీరము. బంగాళాఖాతపుఁ బడమటి యొడ్డున సహజమైన రేవులు మిక్కిలి యరుదు. చెన్నపట్టణమున 19వ శతాబ్దమున సగము గడచునంతవఱకు, కొబ్బరినారతోఁ గుట్టిన పలకల మసూలా పడవలమీఁదనే సరకులును దొరలును సైతము నురుగు దాఁటి యొడ్డు చేరెడివారు. 1876లోఁ బార్క్స్ ఆలోచన ప్రకారము రెండు చేతులు చాచినట్లు రెండు కట్టలు గట్ట నారంభించిరి. పని ముగియవచ్చుచుండఁగా 1881 నవంబరు 12వ తేదీ తుపాను అర మైలుకుఁ బైఁబడి కట్టను గూలఁద్రోసెను. మరల గట్టిరి. తూర్పునకుఁ దెఱచిన ద్వారమున అలయు నిసుకయుఁ జొరఁబడుచుండుటచేత, 1904 తరువాత ఫ్రాన్సిస్ స్ప్రింగు కాలమున దానిని మూసి యీశాన్యమున వేఱుద్వారము దెఱచిరి.

విశాఖపట్టణమున ప్రకృతియే కొంత తోడ్పడెను. డాల్ఫిన్‌నోస్ కొండ దక్షిణపు టలలకు మొగ మొడ్డి నిలిచియున్నది. 1933లో రేవు దెఱచినపుడు, ద్వారమునకు రక్షగా రెండు పాత యోడలను రాళ్లతో నింపి ముంచి, వానినే యలకట్టగాఁ జేసిరి. అందొకదాని పేరు జేనస్. రోమకుల పురాణమున జేనస్ ద్వారములకు దేవత. వానికి ముందొక ముఖము, వెనుక నొక ముఖము. కొండ చాలదని తోఁచిన తరువాత 1976 నాఁటికి కట్టలతో వెలిరేవు వెలసెను. కాకినాడలోనో, కట్టవలసిన పని సగము గోదావరియే చేసెను. నది తెచ్చిన యిసుక గత రెండు శతాబ్దములలోఁ బేరుకొని హోప్ ద్వీప మనెడి 16 కిలోమీటర్ల పొడవైన తిన్నెయై రేవునకు అడ్డుగా నిలిచినది. ఇంజనీరు లేని యలకట్ట యది.

ఇసుక మాట వచ్చినది గావున అసలు సంగతికి వచ్చితిని. మన తూర్పుతీరమునఁ గెరటము లొడ్డునకు సూటిగా రావు, ఏటవాలుగా వచ్చును. నైరృతి ఋతుపవనకాలమున దక్షిణమునుండి, ఈశాన్య ఋతుపవనకాలమున నుత్తరమునుండి వచ్చును. ప్రతి యల కొంచె మిసుకను ఒడ్డు వెంట ముందునకుఁ ద్రోయును. రెండు కాలములకును జమాఖర్చు చూచినచో నిలువ యుత్తరమువైపే తేలును. అనఁగా మన తీరము నిలిచియున్న నేల గాదు, ఉత్తరముగా మెల్లగాఁ బాఱుచున్న యిసుకయేఱు. అం దొక కట్టను అడ్డముగాఁ జాచినచో దక్షిణమున నిసుక యాఁగును, ఉత్తరమున రావలసినది రాదు. ఉన్నది మాత్రము పోవుచునే యుండును. చెన్నపట్టణమున మెరీనా యని పేరుగాంచిన విశాలమైన తిన్నె, రేవు గట్టిన పిదప నట్లు పెరిగినదే. అదే కాలమున రేవునకు ఉత్తరమున రాయపురము మొదలుగా నొడ్డు కోఁతపడెను. ఒకవైపు వారు సాయంకాలము గాలికి వచ్చి కూర్చుండు నిసుక, వేఱొకవైపు వారి యిండ్లక్రిందినుండి వచ్చినదే.

మా తరగతిలో మత్స్యకారుల పిల్లలు గలరు. ఒకనాఁడు నల్లబల్లమీఁద నీ బొమ్మ గీచి చెప్పుచుండఁగా, మా తీరమందలి యొక రేవునకు ఉత్తరపుటూరి బాలుఁ డొకఁడు లేచి, “మాస్టారండీ, ఆ గట్టు పక్కన ఆగిపోయిన ఇసుక ఎవరిదండీ?” యని యడిగెను.

“ఎవరిదని నీకుఁ దోఁచుచున్నదిరా?” అంటిని.

“మా ఊరికి రావలసిందండీ. మా తాత వల ఆరేసుకున్న చోట ఇప్పుడు నీళ్లండీ. గుడి కూడా వెనక్కి జరిపారండీ” యనెను.

తరగతి కొంతసే పూరకుండెను. ఏ పాఠ్యపుస్తకములోను లేని ప్రశ్న యది. ధర్మశాస్త్రములు చదివిన నాకును, ఇంగ్లీషు వ్యాసములు చదివిన నాకును అంతకంటె సూటియైన ప్రశ్న తోఁచియుండలేదు. ఆలోచించినకొలఁది దానికి సమాధానము మన పల్లెలలో నెప్పుడో యున్నదని తెలిసినది. కాలువ మొదట నున్న రైతు అడ్డుకట్ట వేసికొని శివారు పొలమును ఎండఁగట్టినచో ఊరు ఊరకుండునా? నీ పొలము తడుపుకొనుట నీ హక్కు, క్రిందివాని వంతు వదలుట నీ విధి యని పెద్దలు తీర్పు చెప్పుదురు. పాఱునది నీరైనను ఇసుకయైనను న్యాయ మొక్కటే గదా! భేదమేమనఁగా, నీటి తగవులో శివారు రైతు పంచాయతీకి వచ్చి నిలుచును. ఇసుక తగవులో మత్స్యకారునకు దన యిల్లు తిన్నది యలయే యని తోఁచును గాని, దానికి గారణము పది మైళ్ల దక్షిణముననున్న గట్టు కావచ్చునని యెవరును జెప్పరు. వాఁడు గంగమ్మకు మ్రొక్కుకొని యిల్లు వెనుకకు జరుపుకొనును. చదువు లేనిచో నన్యాయము సైతము దైవికముగాఁ గనఁబడును.

న్యాయముగాఁ జెప్పవలెనన్నచో, ఒడ్డు కోఁతకు రేవులు మాత్రమే కారణములు గావు. నదులపై నానకట్టలు నిలిచిన తరువాత సముద్రమునకుఁ జేరవలసిన యిసుక జలాశయములలోనే యాఁగుచున్నది. తుపానులు గలవు, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపైఁ బడిన హుద్‌హుద్ ను మఱచిన వారెవరు? ఉప్పాడ తీరమున సముద్రము వీథులకు వీథులే మ్రింగుటకును బలువిధములగు కారణములు గలవు. రేవు లక్కఱలేదని నే ననను. రేవు లేనిచోఁ దిండిగింజలును, ఎరువులును, నూనెయును లేవు. వేలకొలఁది కుటుంబములకుఁ గూలియు లేదు. ఆ గట్టు చాటున మత్స్యకారుల మరపడవలును నిలుచుచున్నవి. నా ప్రశ్న కట్టవచ్చునా యనుట గాదు; కట్టినపుడు పొరుగూరి పద్దు లెక్కలో వ్రాసితిమా యనుట.

వ్రాయుటకు మార్గ మున్నది. గట్టు దక్షిణమున నాఁగిన యిసుకను ద్రవ్వి, యంత్రములతో నుత్తరపు టొడ్డునకుఁ జేర్చవచ్చును. ఇది క్రొత్త మాట గాదు. విశాఖపట్టణమున నిసుకగుంట యేర్పఱచి, అందుఁ బడినదానిని ద్రవ్వించి యుత్తరపుఁ దీరమునఁ బోయుట దశాబ్దములుగా నున్న యాచారమే. అది ప్రతిసంవత్సరము చేయవలసిన పని. కట్ట నిలిచియున్నంతకాల మీ ఋణము నిలిచియే యుండును. ధనము చాలని యేఁట మానివేసినచో, ఆ యేఁటి యప్పును ఊరు తన నేలతోఁ దీర్చును. దీనికి బదులుగా కోఁతపడిన ప్రతి యూరి ముందఱను రాళ్లు పోయుట సులభముగాఁ దోఁచును. ఆ రాళ్లు ఆ యూరిని గాచును గాని, దాని తరువాతి యూరికిఁ బోవలసిన యిసుకను మఱికొంత తగ్గించును. అట్లు ఊరినుండి యూరికి బాధను ఉత్తరముగాఁ ద్రోయుచుఁ బోవుటయే యగును.

కావున సంస్కారము కోరువారు మూఁడు పనులు చేయింపవలెనని నా విన్నపము. మొదటిది, ఏ రేవు గట్టుటకు ముందైనను దాని కుభయపార్శ్వములఁ గల యొడ్డును ఏండ్లతరబడి కొలిచి, ఆ కొలఁతలను తెలుఁగున నచ్చొత్తించి పల్లెలలోఁ బంచవలెను. పూనా దగ్గఱి ఖడక్‌వాస్లా పరిశోధనశాలలో రేవుల నమూనాలు గట్టి యలలు పుట్టించి పరీక్షించుదురు. ఆ ఫలము సముద్రము వాకిటనే కాపురమున్నవానికిఁ దెలియవలదా? రెండవది, ఇసుక దాఁటించు వ్యయమును దానముగా గాక, రేవు నడపు ఖర్చులో దీపమునకు నూనె వలె నిత్యవ్యయముగా వ్రాయవలెను. మూఁడవది, తాతముత్తాతలనుండి యే నెలలో నలయే దిక్కున వచ్చునో యెఱిఁగిన మత్స్యకారులను ఆ కొలఁతల కూటములలోఁ గూర్చుండఁబెట్టవలెను. వారు సూత్రము చెప్పలేకపోవచ్చును. సూత్రములోఁ బెట్టవలసిన సంఖ్యలలోఁ గొన్ని వారియొద్దనే యున్నవి.

నావంతు పని చిన్నది. చెలియలికట్ట పద్యము చెప్పిననాఁడే అలకట్ట పాఠమును జెప్పుచున్నాఁడను. ప్రశ్న యడిగిన బాలుని ప్రశ్నను బల్లమీఁద వ్రాయించి మిగిలినవారిచేత నుత్తరము వ్రాయించుచున్నాఁడను. నిరుడు వ్రాసినవారిలో నొకఁడు రేవు దక్షిణపుటూరివాఁడు. వాని యూరి తిన్నె యేటేట పెరుఁగుచున్నది. “మాకు ఎక్కువైనది వాళ్లకు తక్కువైనదే కాబట్టి బండ్లతోనైనా తోలి ఇవ్వాలి” అని వ్రాసెను. బండ్లు చాలవు, లెక్క మాత్రము సరియైనది. ఆ కాగితమునకు నేను పూర్తి మార్కు లిచ్చితిని.